సూర్యప్రకాశం గారి కుళ్ళాట

రెండువేల అయిదు నవంబరులో ఒక సోమవారం ఉదయం, మునిసిపల్ హెల్త్ ఆఫీసరు గారి బల్ల మీదికి పద్నాలుగో వార్డు పారిశుద్ధ్య నివేదిక వచ్చింది. మొదటి పేజీలో, ఆ వారం ఆరు కాలువలు తీయించినట్టూ, మూడు వీధుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లినట్టూ ఉంది. రెండో పేజీలో, నగరం అడుగు అంతస్తుల్లో పన్నెండు లక్షల శవాలను నాలుగు వందల ఏళ్ళుగా ఎవరూ తొలగించలేదనీ, అక్కడి జనం వాటినే పిండి పట్టించి రొట్టెలు చేసుకుంటున్నారనీ, ఈ ఏర్పాటు పట్ల చక్రవర్తి వారు సంతృప్తిగా ఉన్నారనీ ఉంది. మూడో పేజీలో దోమల మందు రెండు డబ్బాలు కావాలని కోరారు. కింద సంతకం జి. సూర్యప్రకాశం, శానిటరీ ఇన్‌స్పెక్టర్.

ఆఫీసరు గారు మూడు పేజీలూ చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని రెండో పేజీ మళ్ళీ చదివారు.

"సూర్యప్రకాశం గారూ, ఇది ఏ వీధండీ?"

"మన వార్డు కాదండి."

"అదే అనుకున్నాను," అంటూ ఆయన ఆ పేజీని విడదీసి చేతికిచ్చేశారు. "సంబంధించిన వాళ్ళకి పంపెయ్యండి."

జరిగిందేమిటంటే, ఆదివారం సాయంత్రం యుగంధర్ నెట్ సెంటర్లో సూర్యప్రకాశం రెండు రకాల కాగితాలు ప్రింటు తీయించాడు. ఒకటి ఆఫీసు నివేదిక. రెండోది, వచ్చే ఏడు ఇంగ్లండులో విడుదల కాబోతున్న ఒక ఆట పుస్తకంలోంచి కంపెనీవాళ్ళు రుచి చూపించడానికి పెట్టిన నాలుగు పేజీలు. ప్రింటరు రెండింటినీ కలిపేసింది. మిగిలిన మూడు పేజీలూ సూర్యప్రకాశం చొక్కా జేబులో, నాలుగు మడతల్లో ఉన్నాయి. బయటికొచ్చి మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి వాటిని మళ్ళీ తీసి చదువుకున్నాడు. చదువుతుంటే ముక్కు పక్కన మడత పడింది. ఆ మడత అతని మొహానికి పుట్టుమచ్చ లాంటిది.

ఊరి పేరెందుకు గానీ, నరసాపురం వెళ్ళే దారిలో ఉందనుకోండి. సూర్యప్రకాశానికి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. తండ్రి కోనసీమలో పౌరోహిత్యం చేసేవారు. కొడుక్కి మురుగుకాలువల ఉద్యోగం వచ్చిందని చెప్పలేక, ఎవరడిగినా "హెల్తులో ఉన్నాడు" అనేవారు. విన్నవాళ్ళు డాక్టరనుకుంటే ఆయన కాదనేవారు కాదు. సూర్యప్రకాశానికి మాత్రం ఆ ఉద్యోగం అచ్చంగా సరిపోయింది. చిన్నప్పటి నుంచీ అతనికి అన్నీ అసహ్యమే. తడిసిన గోనెసంచి అసహ్యం, పక్కవాడు టీ జుర్రితే అసహ్యం, పెళ్ళి విస్తరిలో పులుసూ పాయసమూ కలిస్తే భోజనం వదిలేసి లేచిపోయేంత అసహ్యం. మిగతావాళ్ళు అసహ్యమేసిన చోటు నుంచి పక్కకి తప్పుకుంటారు. సూర్యప్రకాశం దగ్గరికి వెళ్ళి, వంగి చూసి, ఇలా ఎందుకయిందో కనుక్కుని, శుభ్రం చేయించిగానీ కదలడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పద్నాలుగో వార్డులో కాలువ పొంగి నీళ్ళు ఇళ్ళలోకి రాలేదు.

అలాంటి మనిషికి ఆ ఆట ఎలా అంటుకుందంటే, తొంభై ఆరు తుపాను వల్ల. అప్పుడు అతన్ని కోనసీమకి డ్యూటీ వేశారు. సహాయానికొచ్చిన పీటర్ అనే ఇంగ్లీషు కుర్రాడూ, సూర్యప్రకాశమూ ఒక స్కూలు వరండాలో బ్లీచింగ్ పౌడరు లారీ కోసం నాలుగు రోజులు ఎదురుచూశారు. ఏమీ తోచక పీటర్ తన సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకమూ, పది ముఖాల పాచికలు రెండూ తీశాడు. ఒకటి పదులకీ, ఒకటి ఒకట్లకీ లెక్కపెడితే నూరు దాకా పడుతుంది. ఇద్దరూ వాన తగ్గేదాకా ఆడారు. వెళ్ళేటప్పుడు అతను పుస్తకమూ పాచికలూ సూర్యప్రకాశానికే ఇచ్చేసి వెళ్ళాడు.

ఆటకి పటం ఉండదు, గడులుండవు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులు. హరికథ మధ్యలో శ్రోత లేచి "ఆగండి దాసుగారూ, నేనా తలుపు తీయను" అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తీయకపోతే ఏమవుతుందో పాచిక చెబుతుంది. కథ జరిగే కాలం ఇప్పటికి ముప్ఫై వేల ఏళ్ళ తరువాత. సూర్యుళ్ళు ఒక్కొక్కటీ ఆరిపోతుంటాయి, చచ్చి చాలాకాలమైన చక్రవర్తి ఇంకా పరిపాలిస్తుంటాడు, వెయ్యి అంతస్తుల నగరాల్లో అడుగున ఉన్నవాళ్ళు పైవాళ్ళ మురుగు తాగి బతుకుతుంటారు. ఆ ఆట అసలు పేరు ఇంగ్లీషులో మూడు బారల పొడుగుంది. ఇంట్లో దాన్ని కుళ్ళాట అనేవారు. ఆ పేరు పెట్టింది సూర్యప్రకాశం భార్య, టీచరు సీతారామలక్ష్మి.

"భోజనాల దగ్గర ఆ మాటెత్తారంటే మజ్జిగ పొయ్యను. ముందే చెబుతున్నాను," అనేది ఆవిడ.

అందుకని ఆట ఇంట్లో సాగలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, మునిసిపాలిటీ బ్లీచింగ్ పౌడరు గోడౌన్లో జరిగేది. బస్తాల మీద కూర్చునేవారు. కళ్ళు మండేవి. ఆడేవాళ్ళు ముగ్గురు. సూర్యప్రకాశం కూతురు వర్షిణి, ఇంటర్మీడియట్ చదువుతోంది, ఆటలో వైద్యురాలు. యుగంధర్, అంతర్వేది వైపు పడవల మీద చేపలు పట్టే కుటుంబంలో పుట్టి నెట్ సెంటర్ పెట్టుకున్నవాడు, ఆటలో సిపాయి. తొందరపాటు మనిషి కావడంతో తొమ్మిదేళ్ళలో పదకొండు సార్లు చచ్చాడు. మూడోవాడు యెహెజ్కేలు, వార్డులో శానిటరీ మేస్త్రీ, పన్నెండు మంది పనివాళ్ళ మీద పెద్ద. అతను ఆటలో ఓడ కెప్టెను. ఒక్కసారి కూడా చావలేదు. వారమంతా సూర్యప్రకాశం అతన్ని "ఏం యెహెజ్కేలూ, వచ్చావా" అనేవాడు. ఆదివారం గోడౌన్లో మాత్రం "కెప్టెను గారూ, మీరేమంటారు" అనేవాడు. యెహెజ్కేలు కూడా ఆ పూట కాలు మీద కాలు వేసుకునేవాడు. సోమవారం తీసేసేవాడు.

ఇక ఆ నాలుగు పేజీలు. తొమ్మిదేళ్ళు పాత పుస్తకంతో నెట్టుకొచ్చినవాడికి, అదే లోకం మీద సరికొత్త ఆట వస్తోందంటే నిద్ర పట్టకూడదు. సూర్యప్రకాశానికి నిద్ర పట్టలేదు గానీ, అసహ్యంతో పట్టలేదు. నాలుగో పేజీలో అడుగు అంతస్తు మురుగుకాలువ బొమ్మ వేశారు. మురుగు పచ్చగా మెరుస్తోంది.

"మురుగు ఎక్కడన్నా మెరుస్తుందా?" అన్నాడు గోడౌన్లో, ఆ కాగితం యెహెజ్కేలు మొహం ముందు ఊపుతూ. "చూశారా కెప్టెను గారూ? పచ్చగా! పైగా ఆవిరి! నాలుగు వందల ఏళ్ళు పూడిక తీయకపోతే అసలు కాలువుంటుందా? గట్టిపడి రోడ్డయిపోదూ? జనం దానిమీద ఇళ్ళు కట్టుకోరూ?"

యెహెజ్కేలు ఆ బొమ్మని తిప్పి తిప్పి చూశాడు. "ఇది వాసన రాదండి," అన్నాడు.

"బొమ్మ వాసనెలా వస్తుంది మావయ్యా?" అన్నాడు యుగంధర్.

"బొమ్మ గురించి కాదెహె. ఈళ్ళు గీసిన కాలవ. సబ్బు వాసనొస్తే నీరు కదుల్తున్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే ఎక్కడో ఆగినట్టు. ఇందులో నీరు కదలట్లేదు, ఆగట్లేదు. ఇది గీసినోడు కాలవ దగ్గిర నిలబళ్ళేదండి, ఆయ్."

కంపెనీవాళ్ళు ఆ పేజీల చివర, పాత ఆటగాళ్ళెవరైనా సలహాలు రాయవచ్చన్నారు. సూర్యప్రకాశం పంతొమ్మిది పేజీలు రాశాడు. అందులో ఉన్న విషయమంతా యెహెజ్కేలుది. కాలువని ఎప్పుడూ చివరి నుంచి పైకి తీసుకుంటూ రావాలి. పైనుంచి మొదలెడితే తీసినదంతా మళ్ళీ కిందే పేరుకుంటుంది. తీసిన పూడిక గట్టు మీద ఒక పూట ఆరాలి. మూత తీసిన వెంటనే మనిషిని దింపకూడదు. వంపు దగ్గర వెదురుబద్ద ఎలా తిప్పాలి, బద్ద చివర తగిలింది రాయో గుడ్డముక్కో చేతికి ఎలా తెలుస్తుంది, ఇవన్నీ ఆదివారాలు అడిగి రాసుకున్నాడు. ఇంగ్లీషు మాత్రం తనది, ఇరవై రెండేళ్ళ ఆఫీసు ఇంగ్లీషు. ఆఫీసు పద్ధతి ప్రకారం కింద ఇన్‌స్పెక్టరు సంతకం ఒక్కటే పెట్టాడు. మేస్త్రీ పేరు విషయంలోనే వస్తుంది, సంతకాల్లో రాదు. అది అంతకుముందు ఎప్పుడూ అతనికి తప్పుగా తోచలేదు.

జనవరిలో జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. మీ ఉత్తరం మా రచయితలందరికీ పిచ్చిపిచ్చిగా నచ్చింది. దీన్ని, ముఖ్యంగా ఎజెకియల్‌ని, తప్పకుండా పుస్తకంలో వాడుకుంటాం.

యెహెజ్కేలు పేరుని ఇంగ్లీషు బైబిల్లో అలాగే రాస్తారు. సూర్యప్రకాశం ఆ కాగితం చదివి వినిపించాడు. యెహెజ్కేలు కాలు మీది కాలు దించేశాడు.

"నా పేరాండీ? పుస్తకంలోనా? లండన్లోనా?"

"అచ్చులో. నాదీ మాట."

ఇక్కడే సూర్యప్రకాశం ఇరుక్కున్నాడు. యెహెజ్కేలు రెండువేల ఏడు మార్చి నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో అతని పేరు మస్టరు రోల్లో తప్ప మరెక్కడా పడలేదు. అతను ఈ సంగతి ఇంట్లో చెప్పాడు, తణుకులో వియ్యంకుడికి ఫోను చేసి చెప్పాడు, చర్చిలో పాస్టరు గారి చేత ప్రార్థన చేయించాడు. రిటైరయ్యే రోజు చర్చి సంఘంలో పెట్టే సన్మానంలో ఆ పుస్తకం అందరికీ చూపించాలని పాస్టరు గారే అన్నారు. దాంతో సూర్యప్రకాశం ఎదురుచూసేది ఆట కోసం కాకుండా పోయింది. ఆ ఒక్క పేరు కోసం.

పుస్తకం మొదట వేసవిలో వస్తుందన్నారు. కాలువలకి నీళ్ళు కట్టేశారు, ఊరంతా పూడిక తీశారు, మళ్ళీ నీళ్ళు వదిలారు. పుస్తకం రాలేదు. దసరాకన్నారు, దాటిపోయింది. కంపెనీ సైటులో వారానికొక కొత్త బొమ్మ మాత్రం పెట్టేవారు. చీముతో నిండిన గోడ, పేగులతో కట్టిన వంతెన, పళ్ళున్న బావి. సూర్యప్రకాశం ప్రతి బొమ్మకీ యుగంధర్ కంప్యూటరు ముందు కూర్చుని మొహం మాడ్చుకునేవాడు.

"మనుషులేనా వీళ్ళు? బావికి పళ్ళెందుకయ్యా? బావికి కావలసింది క్లోరినేషను."

"మరి చూడ్డం మానెయ్యండి గురువుగారూ."

"చూడకపోతే ఎలా తెలుస్తుంది? కిందకి జరుపు, ఇంకోటుందేమో చూద్దాం."

అదీ వరస. మధ్యలో వీధిలో కలిసినప్పుడల్లా యెహెజ్కేలు ఏమీ అడిగేవాడు కాదు. పార భుజాన వేసుకుని ఊరికే నవ్వేవాడు. అడిగి ఉంటే బాగుండునని సూర్యప్రకాశానికి అనిపించేది.

ఫిబ్రవరిలో పార్సెలు వచ్చింది. నెట్ సెంటర్లో సూర్యప్రకాశం, వర్షిణి, యుగంధర్ ముగ్గురూ కలిసి విప్పారు. యెహెజ్కేలు ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. సూర్యప్రకాశం తిన్నగా చివరి పేజీ తీశాడు. కృతజ్ఞతల్లో తన పేరుంది, తప్పు లేకుండా ఉంది. పైనా కిందా వెదికాడు. యెహెజ్కేలు పేరు లేదు.

"నాన్నా," అంది వర్షిణి, పక్క నుంచి పేజీలు తిప్పుతూ. "ఉందిలే. నూట నలభై మూడులో."

నూట నలభై మూడో పేజీ నిండా ఒక బొమ్మ. నల్ల ముసుగు, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో పది గజాల బద్ద, వెనక పన్నెండు మంది. కింద పెద్దక్షరాల్లో ఎజెకియల్, కాలువల ప్రభువు. ఆ అధ్యాయానికి పేరు 'శత్రువులు'. కుళ్ళు కుళ్ళుగానే ఉండాలన్నది చక్రవర్తి శాసనమనీ, కుళ్ళుని కదిలించడమే మహాపాపమనీ, కింది నుంచి పైకి నగరాన్నంతా కడిగేస్తానని బయల్దేరిన ఈ ద్రోహిని ఆటగాళ్ళు వెతికి చంపాలనీ రాశారు. బొమ్మ చుట్టూ అంచులో అతని నినాదం కూడా వేశారు, 'చివరి నుంచి మొదలెట్టు' అని.

యుగంధర్ నవ్వబోయి సూర్యప్రకాశం మొహం చూసి మానేశాడు.

సూర్యప్రకాశం ఇంటికెళ్ళి తన ఉత్తరం నకలు బీరువాలోంచి తీసి చదువుకున్నాడు. ఎజెకియల్ ఆజ్ఞ కింద పన్నెండు మంది ఉంటారు. ఎజెకియల్ ఎన్నడూ పైనుంచి ప్రవేశించడు. ఎజెకియల్ వాసనని బట్టే సర్వమూ గ్రహిస్తాడు. ఎజెకియల్ చేతికి చిక్కినదేదీ కాలువలో మిగలదు. ఏ పేజీలోనూ ఆయన మా మేస్త్రీ అని గానీ, బతికున్న మనిషి అని గానీ ఒక్క ముక్క లేదు. చదువుతుంటే సూర్యప్రకాశానికే భయం వేసింది. జీవితంలో మొదటిసారి అతనికి తన ఆఫీసు ఇంగ్లీషు మీద అసహ్యం వేసింది. అంతకన్నా, ఆ పంతొమ్మిదో పేజీ అడుగున ఒంటరిగా, దర్జాగా కూర్చున్న తన సంతకం మీద.

పుస్తకం ఇంకా రాలేదని యెహెజ్కేలుకి చెప్పాడు. ఆ ఆదివారం ఒంట్లో బాగాలేదని ఆట మానేశాడు. రెండో ఆదివారం సీతారామలక్ష్మి ఊరుకోలేదు.

"ఆయనకి చెప్పేస్తే పోలా? దాచిపెట్టి, తిండి మానేసి, ఇంట్లో మా ప్రాణాలెందుకు తీస్తారు?"

"ఏమని చెప్పను? ముప్ఫై నాలుగేళ్ళు ఊరికి చాకిరీ చేసినవాణ్ణి పట్టుకుని దొంగల జాబితాలో వేయించానని చెప్పనా? పాస్టరు గారు కూడా చూస్తారట!"

"చెప్పకపోతే మాత్రం చూడరా?"

చూశారు. సోమవారం యుగంధర్ నోరు జారాడు. ఆ సాయంత్రమే యెహెజ్కేలు, స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని, సూర్యప్రకాశం ఇంటికొచ్చాడు.

"పుస్తకం ఓసారి చూద్దారండి."

దాచడానికి ఇంకేం లేదు. వర్షిణి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెలుగులో చెప్పింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. సూర్యప్రకాశం కిటికీలోంచి వీధి కాలువ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఈయన్ని చంపాలంటే ఎంత పడాలమ్మా?" అన్నాడు యెహెజ్కేలు.

"తొంభై పైన పడాలండి. అదీ రెండుసార్లు వరసగా."

"అంటే కష్టమే."

"చాలా కష్టమండి."

యెహెజ్కేలు బొమ్మ మీద వేలుపెట్టి ముసుగూ బూట్లూ చూశాడు. "బూట్లిచ్చారు చూశారా సార్? మోకాళ్ళ దాకా ఇచ్చారు."

"యెహెజ్కేలు గారూ, తప్పంతా నాది," అన్నాడు సూర్యప్రకాశం. సోమవారమైనా 'గారు' వచ్చేసింది. "మీ పేరు నా పేరు పక్కన పెట్టాల్సింది. పెట్టలేదు. వీళ్ళు మిమ్మల్ని రాక్షసుణ్ణి చేసి కూర్చోబెట్టారు. నేను కంపెనీకి రాస్తాను. మళ్ళీ అచ్చేయించమంటాను."

"వద్దండి." యెహెజ్కేలు పుస్తకం మూయలేదు. "ముప్ఫై నాలుగేళ్ళు నేను కాలవలో ఉంటే, గట్టుమీద ముక్కు మూసుకుని పోయినోళ్ళే అందరూ. నన్ను చూసి బయపడ్డోడు ఒక్కడు లేడండి. ఈళ్ళు బయపడ్డారు. ఇదిలాగే ఉండనియ్యండి."

మార్చి ముప్ఫై ఒకటిన చర్చిలో సన్మానం జరిగింది. యెహెజ్కేలు ఆ పుస్తకానికి అటూ ఇటూ రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, నూట నలభై మూడు తప్ప మరో పేజీ తెరుచుకోకుండా చేసి తీసుకెళ్ళాడు. పాస్టరు గారు పేరు చదివి, ముసుగు చూసి, కాసేపు ఆలోచించి, "కాలువల ప్రభువు" అని గట్టిగా చదివారు. అధ్యాయం పేరు చదవలేదు. తణుకు వియ్యంకుడు చప్పట్లు కొట్టాడు. వెనక బెంచీలో సూర్యప్రకాశం, ఆ బొమ్మలో మురుగు మళ్ళీ పచ్చగానే వేశారని గమనించి మొహం తిప్పుకున్నాడు.

ఏప్రిల్ నుంచి గోడౌన్లో కొత్త ఆట మొదలైంది. సూర్యప్రకాశం పుస్తకంలోని శాసనం పక్కనపెట్టి, వర్షిణినీ యుగంధర్‌నీ ఎజెకియల్ మనుషుల్ని చేశాడు. ఎజెకియల్‌గా యెహెజ్కేలే కూర్చున్నాడు. అతనిప్పుడు కాలు మీద కాలు ఏ రోజైనా వేసుకోవచ్చు. వెయ్యి అంతస్తుల నగరం, అడుగు అంతస్తు, మొదటి వంపు. మొదటి ఆదివారం మూత తీసి గాలి ఆడనిచ్చారు. రెండో ఆదివారం బద్ద దింపారు. మూడో ఆదివారం యుగంధర్ కొత్తగా కొనుక్కున్న పాచికని బస్తా మీద విసిరికొట్టాడు. అతని సిపాయి చేతిలో మంటలు కక్కే తుపాకీ ఉంది. ఇంతవరకు ఒక్క గుండు పేలలేదు.

"మూడు వారాలైందండి గురువుగారూ! ఇంగ్లండోళ్ళు రెండొందల రకాల రాక్షసుల్ని ఇచ్చారు పుస్తకంలో. మనం ఒక్కడినన్నా చంపామా? పొద్దస్తమానం కాలవ తీయడమేనా, యుద్ధమనేది ఉందా లేదా?"

సూర్యప్రకాశం బస్తా మీంచి పాచిక ఏరి, జేబురుమాలుతో తుడిచి అతని చేతిలో పెట్టాడు.

"ముందు పూడిక గట్టెక్కనియ్యి బాబూ, రాక్షసుడుంటే అందులోనే వస్తాడు."